సముద్రానికి జ్వరం

కాపడానికి నీళ్ళు కాస్తున్నాను. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, ఫోనులోంచి తల ఎత్తకుండానే, "మరీ కాలిపోతున్నాయేమో చూడు, అమ్మ ఒళ్ళు సున్నితం" అన్నారు. చూశాను. చూడటమంటే చెయ్యి పెట్టడం. మణికట్టు దాకా ముంచి, ఓర్చుకోగలిగినంతసేపు ఉంచి, ఇంకో చెంబుడు చన్నీళ్ళు కలిపాను. కుళాయి నాకంటే ఆయనకే దగ్గర. ఆ చెంబుడు నీళ్ళు ఆయనా కలపగలరు. కానీ మా ఇంట్లో వేడి చూసే పని నాది. పాలు పొంగేముందు చూడాలి, ఇస్త్రీపెట్టె చొక్కా కాల్చేముందు చూడాలి, ఆయన స్నానం నీళ్ళు చూడాలి, పిల్ల చిన్నప్పుడు నుదురు చూడాలి. పిల్ల ఇప్పుడు హాస్టల్లో ఉంది కాబట్టి ఒక నుదురు తగ్గింది, ఒక నడుము చేరింది.

ఆఫీసులో కూడా నా పని అదే. కాకపోతే అక్కడ సముద్రం. నేను వాతావరణ కేంద్రంలో పనిచేస్తాను. సముద్రం పైపొర ఎక్కడ ఎంత వేడిగా ఉందో చూసి, దాన్నిబట్టి రాబోయే వానాకాలం ఎలా ఉంటుందో చెప్పే విభాగం మాది. చుట్టాలు వచ్చినప్పుడు మా ఆయన నన్ను ఇలా పరిచయం చేస్తారు: "మా ఆవిడ సముద్రానికి జ్వరం చూస్తుంది." అందరూ నవ్వుతారు. మొదట్లో నాకూ నిజంగానే నవ్వొచ్చింది. తర్వాత నవ్వకపోతే బాగుండదని నవ్వాను. ఒకసారి ఎవరో మర్యాదకి అడిగితే, అర డిగ్రీ తేడా వచ్చినా లెక్కేనని చెప్పబోయాను. "అర డిగ్రీకి కూడా జీతమిస్తారా వదినా?" అన్నాడు మా మరిది. ఆ నవ్వుల్లో టీ కప్పులు తియ్యడానికి లేచాను. కప్పులు తియ్యడానికి ఎలాగూ నేనే లేవాలి.

అర డిగ్రీ తక్కువేం కాదు. నేల పొద్దున వేడెక్కి రాత్రికి చల్లారుతుంది, దానికి గుర్తుండదు. సముద్రం అలా కాదు. నెలల తరబడి వేడి తాగుతుంది, నెలల తరబడి దగ్గర పెట్టుకుంటుంది, తర్వాత ఎప్పుడో బయటపెడుతుంది. ఎక్కడ నీళ్ళు వేడెక్కితే అక్కడ గాలి తేమ మోసుకుని పైకి లేస్తుంది, మబ్బు అక్కడే కడుతుంది, వాన అక్కడే కురుస్తుంది. ఎవరూ లేని నడిసముద్రంలో కుండపోతగా కురిసి, ఎదురుచూస్తున్న పొలాల దగ్గరికి వచ్చేసరికి మబ్బు వట్టిదైపోతుంది. గాలులు కూడా మెత్తబడతాయి, అవి ఎప్పుడూ తోసుకుపోయే వేడినీళ్ళు వెనక్కి జరుగుతాయి, వేడి ఇంకా పెరుగుతుంది. ఒక చోట అర డిగ్రీ, ఇంకోచోట ఎండిపోయిన నారుమడి. రెంటికీ మధ్య ఎన్నో వేల మైళ్ళు ఉంటాయి కాబట్టి దేనివల్ల ఏది జరిగిందో ఎవరికీ కనపడదు. కనపడేలా చెయ్యడమే మా ఉద్యోగం.

పోయిన నెల మా అత్తగారు స్నానాలగదిలో జారిపడ్డారు. నడుము దగ్గర ఎముకలో సన్నని పగులు. ఆపరేషన్ అక్కర్లేదు, కానీ కొన్ని నెలలు మంచం దిగకూడదు, పొద్దున్నా సాయంత్రం కాపడం పెట్టాలి, ఎప్పుడూ ఒక మనిషి దగ్గరుండాలి అన్నారు డాక్టరు. ఆ మనిషి ఎవరో ఆయన చెప్పలేదు. గదిలో ఉన్న కొడుకులిద్దరూ మాత్రం ఒకేసారి నావైపు చూశారు. ప్రస్తుతానికి పొద్దున్నా రాత్రీ నావి, మధ్యాహ్నం మా తోడికోడలు చిట్టిది. ఊళ్ళో ఆ చివర్నించి బస్సులో వస్తుంది, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి పరిగెడుతుంది. నేను ఆఫీసు నుంచి చేరేసరికి ఆమె చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఉంటుంది. "అత్తయ్య మందు వేసుకున్నారక్కా" అని నవ్వి వెళ్ళిపోతుంది. వంతు మార్చుకునే కాపలావాళ్ళలాగా మేమిద్దరం గుమ్మంలోనే కలుస్తాం.

ఇలా ఎన్నాళ్ళని, అన్నదమ్ములు ఒక నిర్ణయానికి వచ్చారు. నిర్ణయం ఫోనులో జరిగింది. మా వంటింట్లోనే జరిగింది, నేను గిన్నెలు తోముతుండగా. "వానాకాలం వెళ్ళేదాకా మీ వదిన సెలవు పెడుతుందిలేరా, నువ్వు దిగులు పెట్టుకోకు" అన్నారు మా ఆయన. ఫోను పెట్టేశాక నాకు కూడా చెప్పారు. నేను ఇప్పుడు కుదరదేమో అంటే, "సముద్రం ఎక్కడికీ పోదు కదా" అన్నారు.

సముద్రం పోదు. కుర్చీ పోతుంది. ఇంతకుముందు రెండుసార్లు పెద్ద సెలవు పెట్టాను. మొదటిసారి పిల్ల పుట్టినప్పుడు. మ్యాపులు గీసే బల్ల దగ్గర్నించి లేచి వెళ్ళినదాన్ని, తిరిగొచ్చేసరికి మ్యాపులకి పేర్లు అతికించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. రెండోసారి మామగారి చివరి జబ్బులో. అప్పుడు తిరిగొచ్చాక కొన్నాళ్ళు బల్ల కూడా లేదు, అటెండర్ పక్కన కూర్చున్నాను. మళ్ళీ ఒక్కొక్క మెట్టే ఎక్కి, వానాకాలం అంచనా తయారుచేసే బల్ల దగ్గరికి పోయినేడే వచ్చాను. ఈసారి లేస్తే మళ్ళీ అక్కడికి రాను. ఆ సంగతి నాకు తెలుసు, మా డైరెక్టరుగారికి తెలుసు, మా ఆయనకి కూడా తెలుసనే అనుకుంటాను. ఆయనకి అదొక పెద్ద విషయంగా తోచదు, అంతే.

ఆ రాత్రి భోజనాల దగ్గర, నేను సెలవు పెట్టను అన్నాను. గొంతు పెంచలేదు. అయినా ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. చెడిపోయిన గడియారాన్ని చూసినట్టు నన్ను చూసి, "ఒంట్లో బాగాలేదా? నిద్ర సరిపోవడంలేదా?" అని అడిగారు. కోపం వచ్చిందన్నాను. ఆ జవాబు ఆయన లెక్కలోకి రాలేదు. "చిట్టిని చూడు. బంగారంలాంటి ఉద్యోగం మానుకుని ఇద్దరు పిల్లల్ని సాకుతోంది, రోజూ బస్సెక్కి వచ్చి అమ్మను చూస్తోంది. ఒక్కనాడైనా ముఖం చిట్లించిందా? నిండుకుండ తొణకదు. ఇంట్లో ఇంకెవరికీ లేని బాధ నీ ఒక్కదానికే ఎందుకొస్తుంది?"

వాదించలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న నాకు సబబుగానే తోచింది. చిట్టి నవ్వుతూనే వస్తుంది, నవ్వుతూనే పోతుంది. అది నేనూ చూశాను. అందరూ సవ్యంగా ఉన్నచోట ఒక్కరికే ఒళ్ళు మండుతుంటే, తేడా ఆ ఒక్కరిలోనే ఉండాలి. శాస్త్రం చదువుకున్నదాన్ని, నాకది తెలియదా? నాలోనే ఏదో చెడిందనుకుని, పాలు తోడుపెట్టి పడుకున్నాను.

మర్నాడు ఆఫీసులో తెరంతా ఎర్రగా ఉంది. సముద్రంలో అక్కడక్కడా లంగరు వేసి, తేలుతూ ఉండే కొలత యంత్రాలు ఉంటాయి. మేం వాటిని బుంగలు అంటాం. ఒక్కొక్క బుంగ తన చుట్టూ నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో కొలిచి మాకు పంపుతూ ఉంటుంది. పంపినదాన్ని కంప్యూటరు ఆ చోట, ఆ నెలలో, ముప్పై ఏళ్ళ సగటుతో పోల్చి చూస్తుంది. సగటుకి మరీ దూరంగా ఉంటే ఎర్ర గుర్తు పెట్టి పక్కన పడేస్తుంది. అలా పడేసినచోట మ్యాపులో ఖాళీ ఉండకూడదు కాబట్టి, ఆ ఖాళీని సగటుతోనే నింపుతుంది. అప్పుడప్పుడూ ఒకటీ అరా ఎర్ర గుర్తు పడటం మామూలే. బుంగకి నాచు పట్టొచ్చు, ఏ పడవో గుద్దుకోవచ్చు. ఈసారి నడిసముద్రంలో ఒక వరస వరసంతా ఎర్రబడింది. అన్నీ వేడివైపే.

మా డైరెక్టరుగారిని అందరం సగటు సారు అంటాం, ఆయన లేనప్పుడు. ఏ మాటైనా "సగటున చూస్తే" అని మొదలుపెడతారు. పిల్లల పెళ్ళి గురించి అడిగినా సగటున చూస్తే ఆలస్యమేమీ కాలేదంటారు. చెడ్డ మనిషి కాదు. ఆడవాళ్ళు గదిలోకి వస్తే కుర్చీ చూపిస్తారు. ఆయనకి తెర చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చూసి, "పరికరాలు పాడై ఉంటాయమ్మా. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని, ఇంతకాలం లేని వేడి ఇప్పుడెక్కణ్ణించి వస్తుంది?" అన్నారు. ఎర్రబడినవి ఒకటి కాదు చాలా ఉన్నాయన్నాను. ఒక్కొక్కదాన్నీ పక్క బుంగలతో పోల్చి చూడమన్నారు. అది మా రెండో నియమం. ఎర్ర గుర్తు పడ్డదాన్ని పక్క బుంగలు బలపరిస్తే మళ్ళీ లెక్కలోకి తీసుకోవచ్చు, లేదంటే తీసెయ్యాలి. శుక్రవారం కల్లా అంచనా బయటికి పోవాలి. దాన్ని చూసి రైతులు ఏ విత్తనం వెయ్యాలో, చెరువులు చూసే ఇంజనీర్లు నీళ్ళు ఎంత వదలాలో నిర్ణయించుకుంటారు. "మామూలు వర్షపాతం అని రాసెయ్యండి, గొడవ ఉండదు. మీరెలాగూ పైవారం నుంచి సెలవులో వెళ్తున్నారు కదా" అన్నారాయన.

నేను ఎవరికీ చెప్పలేదే అన్నాను.

"మీవారు ఫోన్ చేశారమ్మా. మీరు అడగడానికి మొహమాటపడతారేమోనని. మంచి మనిషి" అన్నారు.

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఏడుపేమీ రాలేదు. చెవులు మాత్రం వేడెక్కాయి. పెళ్ళయిన కొత్తలో బట్టల కొట్టుకి వెళితే, రంగు నన్నడిగి ధర ఆయన్నడిగేవాడు కొట్టువాడు. అప్పుడు కూడా ఇలాగే చెవులు వేడెక్కాయి. నియమం ప్రకారం ఒక్కొక్క బుంగనూ పక్కవాటితో పోల్చాను. మొదటిదాన్ని బలపరిచే పక్క బుంగ లేదు. తీసేశాను. రెండోదానికీ లేదు. తీసేశాను. మూడోదానికి అంచున, దూరంగా ఉన్న బుంగ ఒక్కటే సాక్షిగా మిగిలింది, అది మామూలుగానే ఉన్నానంది. మూడోదాన్నీ తీసేశాను. అక్కడికి చెయ్యి ఆగిపోయింది. ఎందుకో తెలియలేదు, అలసటనుకున్నాను. ఒంటిపూట సెలవు రాసి ఇంటికి బయల్దేరాను.

మధ్యాహ్నం పూట మా ఇల్లు ఎలా ఉంటుందో నేను చూసి ఎన్నాళ్ళయిందో. ముందుగదిలో ఎండ గోడ దాకా పాకి ఉంది. మంచం పక్కన నేలమీద కూర్చుని చిట్టి తువ్వాళ్ళు మడతపెడుతోంది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నన్ను చూడగానే చిట్టి గబుక్కున లేచి, నవ్వు ముఖం పెట్టుకుంది. పెట్టుకోవడం అంటే నిజంగా పెట్టుకోవడమే. కళ్ళజోడు పెట్టుకున్నట్టు ఆ నవ్వు ముఖం మీదికి రావడం చూశాను. అంతకుముందు ఆ ముఖం ఎలా ఉందో కూడా చూశాను. నేను అద్దంలో చూసుకునే ముఖమే అది.

కూర్చోమన్నాను. నేనూ నేలమీదే కూర్చుని సగం తువ్వాళ్ళు నా వైపు లాక్కున్నాను. కాసేపు అత్తగారి మందుల గురించి మాట్లాడుకున్నాం. చిట్టి పెళ్ళికి ముందూ, మొదటి పిల్ల పుట్టేదాకా కూడా మందుల షాపులో పనిచేసింది, ఫార్మసీ చదువుకుంది. ఏ మాత్ర దేనితో కలిపి వెయ్యకూడదో చెబుతుంటే ఆమె గొంతు వేరేగా ఉంది. నిటారుగా ఉంది. బాగా చెప్పావంటే తల దించుకుని మడత సరిచేసింది.

"ఒక్క మాటడగనా అక్కా?" అంది. "ఇంటి పనీ ఆఫీసు పనీ, ఇప్పుడు అత్తయ్య పనీ, అన్నీ నవ్వుతూ ఎలా చేస్తావు? నేనెప్పుడైనా విసుక్కుంటే మీ మరిది నిన్నే చూపిస్తారు. వదినని చూడు, ఆఫీసరై ఉండి కూడా ఒక్కమాట అనదు, నిండుకుండ, నీ ఒక్కదానికే ఎందుకీ విసుగు అంటారు. మళ్ళీ షాపులో చేరతానని అన్నప్పుడు కూడా అంతే. నాలోనే ఏదో తేడా ఉందేమోనక్కా."

మడుస్తున్న తువ్వాలు ఒళ్ళో పెట్టుకున్నాను. తర్వాత, మా ఆయన నాకెవర్ని చూపిస్తారో ఆమెకి చెప్పాను. ఏ మాటతో చూపిస్తారో కూడా చెప్పాను. చిట్టి నన్ను నమ్మనట్టు చూసింది. నమ్మాక నవ్వింది. ఈసారిది పెట్టుకున్న నవ్వు కాదు. ఇద్దరం నోటికి తువ్వాళ్ళు అడ్డం పెట్టుకుని, అత్తగారు లేస్తారేమోనని భయపడుతూ, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాం.

"నేను లేచే ఉన్నాను" అన్నారు అత్తగారు, గోడవైపు నుంచే.

మా ఇద్దరికీ నవ్వు ఆగిపోయింది. ఆవిడ మెల్లగా ఇటు తిప్పమని చెయ్యి చాపారు. ఇద్దరం చెరోవైపూ పట్టి తిప్పాం. ఆవిడ పైకప్పు కేసి చూస్తూ మాట్లాడారు. "నాకు మా పెద్ద తోడికోడల్ని చూపించేవారు మీ మామగారు. ఆవిడ ఓర్పు చూడు, ఆవిడ ఇల్లు చూడు అని. ఆవిడ పేరు వింటే చాలు నాకు ఒళ్ళు మండేది. ఒకింట్లో ఉండి పదిహేనేళ్ళు మనసిచ్చి మాట్లాడుకోలేదు. ఆవిడ పోయేముందు ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని చెప్పింది, వాళ్ళాయన ఆవిడకి నన్ను చూపించేవాడట." కొంచెం ఊపిరి తీసుకుని, "నిండుకుండ తొణకదంటారు. పొయ్యిమీద పెట్టి చూడమనండి, ఏ కుండ తొణకదో" అన్నారు.

ఆ సాయంత్రం కాపడం పెడుతుంటే, నీ సముద్రం ఏమంటోందని ఆవిడే అడిగారు. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఎవరూ ఆ ప్రశ్న నవ్వకుండా అడగలేదు. తువ్వాలు ముంచి పిండుతూ చెప్పాను. నడిమధ్యలో వేడెక్కినట్టుందని, అదే నిజమైతే మనకి రావలసిన వాన దారి తప్పుతుందని. ఆ వేడి ఇవాళ్టిది కాదని, ఎప్పుడో తాగినదాన్ని లోపల దాచుకుని ఇప్పుడు పైకి తెస్తోందని. "అంటే మనసులో పెట్టుకుంటుందన్నమాట" అన్నారావిడ. అలాగే అనుకోండి అన్నాను. "మరి ముందే చెప్పదా?" అని అడిగారు. చెబుతూనే ఉంటుందండీ అన్నాను. అన్నాక నా మాట నాకే వినబడింది. తెర మీద ఎర్ర గుర్తులు గుర్తొచ్చాయి. మూడో బుంగ దగ్గర చెయ్యి ఎందుకు ఆగిందో అప్పుడు తెలిసింది.

ఇక్కడో మాట చెప్పాలి. ఆడదాన్ని సముద్రంతో పోల్చే అలవాటు నాకు లేదు. ఆ పోలిక మొగాళ్ళు చేసినప్పుడల్లా నాకు చిరాకే. సముద్రం ఎవరికీ టీ పెట్టి ఇవ్వదు. నాకు తట్టింది పోలిక కాదు, మా పద్ధతిలో ఉన్న తప్పు. ఎర్ర గుర్తు పడ్డ బుంగకి పక్కవాటి సాక్ష్యం కావాలన్నాం. కానీ ఆ పక్కవి కూడా ఎర్రబడితే వాటిని సాక్షులుగా పిలవనే పిలవం. ముందే తీసేసి ఉంటాం కదా. ఒక్క బుంగ చెడితే ఈ నియమం పట్టుకుంటుంది. సముద్రమే మారితే, ఒక్కొక్క బుంగనూ నువ్వొక్కదానివే అలా అంటున్నావని చెప్పి వరసగా బయటికి పంపేస్తుంది. చివరికి అంచున చల్లగా ఉన్నవే మిగిలి, అంతా సవ్యంగా ఉందని చెబుతాయి. మిగతా ఖాళీలో సగటు కూర్చుంటుంది. ఈ నియమం రాసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. అందరికీ ఒకేసారి వేడెక్కుతుందని వాళ్ళకి తట్టలేదు.

పొద్దున్నే వెళ్ళి, తీసేసిన మూడింటినీ మళ్ళీ తెచ్చాను. ఎర్రబడ్డవన్నీ కలిపి ఒకే మ్యాపు మీద పెట్టాను, సగటు ముట్టకుండా. ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి. మధ్యలో ఎక్కువ, అంచులకి పోయేకొద్దీ తక్కువ, నీళ్ళలో వేడి ఎలా పరుచుకోవాలో అలాగే పరుచుకుంది. చెడిపోయిన యంత్రాలు ఇంత పొందికగా చెడిపోవు. అటువైపు నుంచి వెళ్ళిన ఓడల కొలతలు కూడా తీసి చూశాను. వాటిల్లో సగం ఎర్ర గుర్తులతో కంప్యూటరు పక్కన పడేసినవాటిలోనే ఉన్నాయి, అవీ అదే మాట చెబుతున్నాయి.

సగటు సారు మ్యాపు చాలాసేపు చూశారు. నా మాట ఒప్పుకున్నారని చెప్పలేను. పక్కన పడేసినవాటినే సాక్షులుగా తేవడం నియమం కాదన్నారు. నియమంలో ఉన్న తప్పు చెప్పాను. ముప్పై ఏళ్ళ సగటు అబద్ధం చెబుతుందా అని అడిగారు. అబద్ధం కాదు సార్, పాతది అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అంచనాలో వాన తగ్గొచ్చని రాసి, తీరా అది మామూలుగా పడితే నవ్వులపాలవుతామన్నారు. మామూలుగానే పడొచ్చు, అది కూడా నిజమే. వాతావరణంలో చేతిలో పెట్టి చూపించే జవాబులుండవు, అవకాశాలే ఉంటాయి. "అయితే మీ పేరు మీద పంపండి. ఊరికే పంపితే కుదరదు, వానాకాలం పొడుగునా వచ్చి అడుగుతారు, ప్రతి వారం జవాబు చెప్పుకోవాలి. మీరేమో సెలవులో ఉంటారు" అన్నారు.

"సెలవు పెట్టడంలేదు సార్" అన్నాను. "మావారు ఫోన్ చేసిన మాట మర్చిపోండి. నా సెలవు నేనే అడుగుతాను."

అంచనా శుక్రవారం నా పేరు మీద బయటికి వెళ్ళింది. వానల సంగతి ఇంకా తేలలేదు. తేలినా తేలకపోయినా ఆ బుంగలు చెప్పింది మాత్రం చెప్పినట్టు అందులో ఉంది.

ఆదివారం అందరూ మా ఇంట్లో చేరారు. నేను పనిగట్టుకుని పిలిచాను. అత్తగారి గదిలోనే కుర్చీలు వేశాను, ఆవిడకి వినబడాలి కాబట్టి. సెలవు పెట్టడంలేదని చెప్పాను. మా ఆయన తమ్ముడి ముందు తల కొట్టేసినట్టు ముఖం పెట్టి, అయితే అమ్మనెవరు చూస్తారని అడిగారు. ఇద్దరు కొడుకులున్నారు, ఇద్దరు కోడళ్ళం ఉన్నాం, నాలుగు వంతులు అన్నాను. మా మరిది నవ్వబోయి, ఎవరూ కలవకపోయేసరికి ఆపేశాడు. మాకేం చేతనవుతుంది వదినా, ఆడవాళ్ళకైతే అలవాటు అన్నాడు. నాకూ పుట్టుకతో రాలేదన్నాను. అప్పుడు చిట్టి, మడిచిన చేతులు విప్పకుండా, తనూ ఒకటి చెప్పాలంది. షాపువాళ్ళతో మాట్లాడిందట. వారంలో సగం రోజులు మధ్యాహ్నాలు అక్కడ పనిచేస్తుందట, ఆ రోజుల్లో తను రాదట. మాటలు తడబడ్డాయి, చెప్పడం మాత్రం ఆపలేదు.

మా ఆయన నావైపూ ఆమెవైపూ మార్చి మార్చి చూశారు. చూపించడానికి ఇంకెవరూ లేరు. "ఇంతకాలం లేనిది, ఇప్పుడిద్దరికీ ఒక్కసారే ఏమొచ్చింది?" అన్నారు.

జవాబు నా నోటిదాకా వచ్చింది. ఆ లోపలే మంచం మీది నుంచి వినబడింది. "ఇంతకాలమూ ఉందిరా. ఒకళ్ళకి ఇంకొకళ్ళని చూపించి మీరు సరిపెట్టారు. మీ నాన్నా అంతే చేశాడు." ఆవిడ గొంతులో కోపం లేదు. చాలా రోజులు దాచిన వస్తువు తీసి బల్లమీద పెట్టినట్టు చెప్పారు. "ముగ్గురం చెబుతున్నాం. ఇంకెవరిని పిలుస్తావు సాక్ష్యానికి?" అని, అలసిపోయి కళ్ళు మూసుకున్నారు. మా మరిది లేచి టీ కప్పులు తీశాడు. ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. చెప్పడానికి చిట్టి లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

సోమవారం పొద్దుటి వంతు మా ఆయనది. నేను తల దువ్వుకుంటుంటే వంటింట్లో బకెట్టు చప్పుడు, మూత కిందపడ్డ చప్పుడు, మళ్ళీ కుళాయి చప్పుడు. ఏదీ వెళ్ళి చూడలేదు. వెళ్ళకుండా ఉండటం అంత తేలికేం కాదు, రెండుసార్లు దువ్వెన కింద పెట్టి మళ్ళీ తీసుకున్నాను. ఆఫీసు సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆయన పొగలు వస్తున్న బకెట్టు ముందు, తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. భయపడ్డ మనిషిలా ఉన్నారు. జాలేసింది, నిజం చెప్పాలంటే.

"నీళ్ళు ఎంత వేడి ఉండాలి?" అని అడిగారు.

చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాను.

"చెయ్యి పెట్టి చూడండి" అన్నాను.